వెలిగొండల్లో కొండముచ్చుల గుంపును గమనించడం ఎలా?

పెంచలకోన గుడి మెట్ల దగ్గర కొబ్బరిచిప్ప లాక్కుపోయేది కోతి. ఆ గుడి వెనక కొండవాలులో, ఎత్తైన కొమ్మ మీద తోక కిందికి వేలాడేసి, నల్లటి ముఖంతో మన వంక ఒకసారి చూసి మళ్లీ ఆకు తుంచుకోవడంలో పడిపోయేది కొండముచ్చు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పుట్టి పెరిగినవారికి ఈ రెండింటి తేడా ఎవరూ చెప్పనక్కర్లేదు. అయితే కొండముచ్చుల గుంపు దగ్గర ఒక పూట కూర్చుని, అవి ఏ చెట్టు ఆకు తింటున్నాయి, ఏ పిల్లను ఏ ఆడది ఎత్తుకుంటోంది, మధ్యాహ్నం అంతసేపు కదలకుండా ఎందుకు కూర్చుంటాయి అని చూసినవారు చాలా తక్కువ. అలా చూడడం ఎలాగో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

దీనికి ఖరీదైన కెమెరా అక్కర్లేదు, జంతుశాస్త్రం చదివి ఉండనక్కర్లేదు. ఓపిక కావాలి. దానితోపాటు ఒక సంగతి మనసులో పెట్టుకోవాలి: కొండముచ్చు ప్రధానంగా ఆకు తిని బతికే జంతువు. అది ఎక్కడ ఉంటుంది, ఎప్పుడు కదులుతుంది, ఎందుకంత నింపాదిగా ఉంటుంది, మనం పెట్టే బిస్కెట్లు దానికెందుకు పడవు అనే ప్రశ్నలన్నిటికీ జవాబు అక్కడి నుంచే దొరుకుతుంది.

చోటు, వేళ చూసుకోండి

నెల్లూరు వైపు ఉన్నవారికి వెలిగొండలు దగ్గర. రాపూరు మండలంలోని పెంచలకోన, దాని చుట్టూ నెల్లూరు, కడప జిల్లాల్లో పరుచుకున్న శ్రీ పెనుశిల నరసింహ వన్యప్రాణి అభయారణ్యం, ఉత్తరాన ఉదయగిరి కొండ, ఇవన్నీ కొండముచ్చుకు అనువైన అడవులే. ఒంగోలు వైపు నుంచి బయలుదేరేవారికి భైరవకోన పరిసరాలు, దోర్నాల దాటాక శ్రీశైలం వెళ్లే నల్లమల దారి ఉన్నాయి. వేసవిలో ఆకు రాల్చే ఎండు అడవి, మధ్యమధ్య రాతి చరియలు, వాగు ఒడ్డున ఎత్తైన మర్రి, రావి, చింత, నేరేడు చెట్లు, ఈ మూడూ ఒకచోట కలిస్తే అక్కడ వెతకవచ్చు. రాత్రి చిరుతపులికి అందకుండా పడుకోవడానికి కొండముచ్చులకు ఎత్తైన చెట్టో, నిట్టనిలువు రాతి గోడో ఉండాలి. తినడానికి రకరకాల ఆకులుండాలి. రెండూ దగ్గర దగ్గరగా ఉన్న చోటును అవి తేలికగా వదిలిపెట్టవు.

అడవిలోకి అడుగుపెట్టే ముందు ఆ ప్రాంతపు అటవీ రేంజ్ కార్యాలయంలో అడిగి అనుమతి తీసుకోండి. వెలిగొండలు ఎర్రచందనం పెరిగే కొండలు. దొంగరవాణా కారణంగా అక్కడ కొత్త ముఖం కనిపిస్తే సిబ్బంది ఆపి ప్రశ్నిస్తారు, అది వారి పని. నల్లమలలో పులుల అభయారణ్యం నిబంధనలు మరింత గట్టిగా ఉంటాయి. అసలు మొదటిసారి అడవి లోపలికి వెళ్లనే అక్కర్లేదు. గుడి వెనకవైపు కాలిబాట, కొండ కింది చెరువు గట్టు, పొలాలకూ అడవికీ మధ్య ఉన్న చింతతోపు చాలు. ఇలాంటి చోట్ల కొండముచ్చులకు మనుషులు అలవాటై ఉంటారు కాబట్టి మిమ్మల్ని చూసి పారిపోవు. ఒంటరిగా మాత్రం వెళ్లవద్దు. ఈ కొండల్లో ఎలుగుబంట్లు ఉన్నాయి, చీకటి విడవక ముందు, పొద్దు వాలాక పొదల దారుల్లో తిరగడం ప్రమాదం.

గుంపు ఎక్కడుందో తెలుసుకోవడానికి మేకల కాపరులను మించినవారు లేరు. "అన్నా, కొండముచ్చులు ఎక్కడున్నాయి?" అని అడిగితే చేయి చాపి కొండంతా చూపిస్తారు. "పొద్దున్నే ఏ చెట్టు మీద నుంచి దిగుతాయి? ఎండవేళ ఎక్కడ కూర్చుంటాయి?" అని అడగండి. అప్పుడు ఫలానా బండ, ఫలానా మర్రి అని చెట్టుతో సహా చెబుతారు.

వేళ విషయానికి వస్తే, తెల్లవారిన గంటలోపు అక్కడ ఉండాలి. రాత్రి ఒకే చెట్టు మీదనో, పక్కపక్క చెట్ల మీదనో పడుకున్న గుంపు చెదరక ముందు దొరికితే, ఆ రోజంతా దాని వెంట ఉండడం సులువు. కాలం చూసుకుంటే మాఘం నుంచి చైత్రం దాకా మంచిది. ఆకు రాలి అడవి పలచబడి ఉంటుంది, కొమ్మ మీద ఏమున్నా కనిపిస్తుంది. మన వైపు అసలు వానలు ఆశ్వయుజ, కార్తీకాల్లో ఈశాన్య రుతుపవనంతో వస్తాయి. అప్పుడు అడవి దట్టమై, ఎదుట చెట్టు మీద గుంపంతా ఉన్నా తోకలు తప్ప ఏమీ కనిపించవు. పెంచలకోనకైతే శనివారం వెళ్లకండి, భక్తుల రద్దీలో మీరు చూసేది సహజమైన నడవడిక కాదు.

సంచిలో ఏముండాలి?

ఎనిమిది రెట్లు పెద్దదిగా చూపే బైనాక్యులర్ ఉంటే మేలు. ఇంకా శక్తిమంతమైనది కొంటే చేయి వణికి బొమ్మ నిలవదు. ఒక చిన్న నోటు పుస్తకం, పెన్సిలు తీసుకోండి, చెమటకు పెన్ను రాత చెదురుతుంది. నీళ్లు, టోపీ ఉండాలి. బట్టలు మట్టి రంగువో ఆకుపచ్చవో వేసుకోండి. తినుబండారం ఏదైనా ఉంటే చప్పుడు చేయని డబ్బాలో పెట్టి సంచి అడుగున దాచండి. ప్లాస్టిక్ కవరు గలగల వినిపిస్తే కోతులు దిగివస్తాయి, వాటి గొడవలో కొండముచ్చులు పక్కకు తప్పుకుంటాయి.

కొండముచ్చేనని, అందులోనూ ఏదని తేల్చుకోండి

మొదట కోతితో తేడా. మన ఊళ్లలో కనిపించే టోపీ కోతికి నడినెత్తిన పాపిట తీసి దువ్వినట్టు జుట్టు చుట్టూ పరుచుకుని ఉంటుంది, ముఖం లేత రంగు, ఒళ్లు గోధుమ రంగు. దానికి బుగ్గల్లో సంచులుంటాయి, దొరికినదంతా ముందు వాటిలో కుక్కుకుని తర్వాత తీరిగ్గా నములుతుంది. కొండముచ్చుకు బుగ్గసంచి లేదు. ఒళ్లు సన్నగా, పొడవుగా, బూడిద రంగులో ఉంటుంది. కాళ్లూ చేతులూ పొడవు, బొటనవేలు మాత్రం పొట్టి. ముఖం, చెవులు, అరచేతులు నలుపు. తోక ఒంటికన్నా పొడవు, పెద్ద గండుకు దాదాపు మీటరు ఉంటుంది.

ఇక రెండో తేడా చాలామంది పట్టించుకోనిది. భారతదేశంలోని బూడిదరంగు కొండముచ్చులన్నీ ఒకటేనని చాలా ఏళ్లు అనుకున్నారు, అన్నిటినీ హనుమాన్ లంగూర్ అనే ఒక్క పేరుతో పిలిచేవారు. ఇప్పుడు శాస్త్రజ్ఞులు వాటిని అనేక జాతులుగా విడదీశారు. మన నెల్లూరు, ప్రకాశం కొండల్లో ఉండేది కుచ్చు కొండముచ్చు, శాస్త్రీయ నామం సెమ్నోపిథెకస్ ప్రయామ్. 1844లో ఎడ్వర్డ్ బ్లైత్ దీనికి ఈ పేరు పెట్టాడు. తూర్పు కనుమల దక్షిణ భాగం, తమిళనాడు, దక్షిణ భారతంలోని మరికొన్ని చోట్లు, శ్రీలంక దీని నివాసం. ఉత్తర భారత మైదానాల్లో కనిపించేది వేరు జాతి, సెమ్నోపిథెకస్ ఎంటెల్లస్.

మీ ఎదుట ఉన్నది ఏదో తేల్చడానికి రెండు గుర్తులు చూడండి. ఒకటి తల. పక్క నుంచి చూస్తే కుచ్చు కొండముచ్చు నడినెత్తిన వెంట్రుకలు పైకి లేచి కోసుగా కనిపిస్తాయి. ఎదురుగా చూస్తే ఇది తెలియదు, తల తిప్పేదాకా ఆగాలి. కొన్నిటికి కుచ్చు బాగా తెలుస్తుంది, కొన్నిటికి అంతగా ఉండదు కాబట్టి ఒక్కదాన్ని చూసి నిర్ణయించకుండా నాలుగైదింటిని చూడండి.

రెండోది తోక. కొండముచ్చు నేల మీద తాపీగా నడిచేటప్పుడు తోకను పైకెత్తి వంచుతుంది. ఆ వంపు ఎటు తిరిగిందో చూడాలి. ఉత్తరాది కొండముచ్చుల తోక వీపు మీదుగా ముందుకు, తల వైపు వంగుతుంది. దక్షిణాది వాటి తోక పైకి లేచి వెనక్కి తిరిగి, కొన వెనకవైపు కిందికి దిగుతుంది. జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా డైరెక్టరుగా పనిచేసిన ఎం.ఎల్.రూన్వాల్ దేశమంతటా ఈ తోకల తీరును పరిశీలించి, పడమట తపతి నుంచి తూర్పున గోదావరి దాకా గీత గీస్తే ఆ గీతకు అటూ ఇటూ తోకల తీరు మారుతుందని చూపారు. మన వెలిగొండలు ఆ గీతకు చాలా దిగువన ఉన్నాయి. పరుగెత్తేటప్పుడు, కూర్చున్నప్పుడు, కొమ్మ మీద ఉన్నప్పుడు ఈ గుర్తు పనికిరాదు. అవి దారి దాటుతున్నప్పుడు మాత్రమే చూడాలి. చూసిన వెంటనే పుస్తకంలో తోక బొమ్మ గీసుకోండి. రెండు గీతలు చాలు, మాటల్లో రాసుకుంటే తర్వాత మనకే అనుమానం వస్తుంది.

దగ్గరకు వెళ్లకండి, వాటిని రానివ్వండి

గుంపు కనిపించగానే నేరుగా దాని మీదికి నడవడం వేటగాడి పద్ధతి, వాటికి అలాగే అర్థమవుతుంది. పక్కగా, వంకరగా, ఆగి ఆగి నడవండి. ముప్పై అడుగులు వేసి ఒకచోట నిలబడి, ఎటో చూస్తున్నట్టు ఉండండి. అవి తినడం ఆపి మీ వైపు చూస్తూ ఉంటే మీరు ఎక్కువ దగ్గరకు వచ్చారని అర్థం, రెండడుగులు వెనక్కి వేయండి. మళ్లీ తినడం మొదలుపెట్టాయంటే మిమ్మల్ని ఒప్పుకున్నట్టే. కనీసం పాతిక ముప్పై మీటర్ల దూరంలో, చెట్టు నీడన, నేల మీద కూర్చోండి. నిలబడిన మనిషి కన్నా కూర్చున్న మనిషిని అవి త్వరగా మరిచిపోతాయి.

గండును కళ్లలోకి సూటిగా చూడవద్దు, పళ్లు కనిపించేలా నవ్వవద్దు. వాటి లోకంలో ఈ రెండూ కయ్యానికి కాలు దువ్వడమే. గండు పళ్లు పటపట కొరుకుతూ మీ వైపు చూసినా, కొమ్మలు ఊపుతూ దూకినా, అది హెచ్చరిక. తల దించుకుని నెమ్మదిగా పక్కకు జరగండి, పరుగెత్తకండి. పిల్లకూ తల్లికీ మధ్యలోకి, గుంపు నడిచే దారికి అడ్డంగా వెళ్లకండి. కుక్కను వెంట తీసుకెళ్లడం అన్నిటికన్నా చెడ్డ పని. కుక్క కనిపిస్తే ఆ పూటకు ఆ గుంపు చెట్టు దిగదు.

మొదటి రెండు మూడు పూటలు ఏమీ రాసుకోకపోయినా పరవాలేదు. ఆ పూటలు మీరు వాటిని చూడడానికి కాదు, అవి మిమ్మల్ని చూడడానికి.

లెక్కపెట్టండి

చెట్టు మీద ఉన్నప్పుడు లెక్క తేలదు. కదులుతాయి, ఆకుల చాటుకు పోతాయి, ఒకదాన్నే రెండుసార్లు లెక్కిస్తాం. గుంపు ఒక చెట్టు నుంచి మరో చెట్టుకు దూకే ఖాళీని చూసుకుని అక్కడ కాపు కాయండి. ఒకటి దూకిన కొమ్మ నుంచే మిగిలినవన్నీ దాదాపుగా దూకుతాయి. అడ్డంగా నాలుగు మీటర్లకు పైగా దూకగలవు కాబట్టి ఖాళీ ఎంత వెడల్పున్నా నేల మీదికి దిగుతాయని అనుకోకండి. బాట దాటేటప్పుడు, చెరువు గట్టు మీద నడిచేటప్పుడు కూడా లెక్క బాగా తేలుతుంది. ముందూ వెనకా పెద్దవి, మధ్యలో పిల్లలతో తల్లులు వస్తుంటే ఒక్కొక్క గీత గీసుకుంటూ పోండి.

మొత్తం ఎన్ని అన్నదానికన్నా ఎవరెవరు ఎందరు అన్నది ముఖ్యం. ఎదిగిన గండు ఆడదానికన్నా స్పష్టంగా పెద్దది, భుజాలు వెడల్పు, కోరలు పొడవు. పిల్ల ఉన్న ఆడదాన్ని గుర్తించడం తేలిక. తల్లిని వదిలి ఆడుకుంటున్నవి ఏడాది, రెండేళ్ల పిల్లలు. అప్పుడే పుట్టిన పిల్ల మాత్రం వేరే జంతువులా ఉంటుంది: ఒళ్లంతా ముదురు గోధుమ లేక నలుపు రంగు వెంట్రుకలు, ముఖం మాత్రం లేత గులాబీ. పెద్దవాటిది నల్లటి ముఖం, బూడిద ఒళ్లు, పసిదానిది దానికి సరిగ్గా తలకిందులు. కొన్ని నెలల్లో ముఖం నల్లబడుతుంది, ఒళ్లు బూడిద రంగుకు మారుతుంది. కాబట్టి పిల్ల రంగు రాసుకుంటే దాని వయసు సుమారుగా మీకు తెలిసిపోతుంది.

ఒకే గండు, అనేక ఆడవి, వాటి పిల్లలు ఉన్న గుంపు ఒక రకం. ఒకటికన్నా ఎక్కువ గండ్లున్న గుంపు మరో రకం. ఆడది ఒక్కటీ లేకుండా అన్నీ గండ్లే ఉన్న మంద మూడో రకం. ఈ మూడింటిలో మీదేదో తేలాకే తక్కిన నడవడిక అర్థమవుతుంది.

తిండిని వివరంగా రాసుకోండి

అన్నిటికన్నా ఎక్కువ సమయం దీనికే ఇవ్వమని నా సలహా. "ఆకులు తింటున్నాయి" అని రాసుకుంటే ఏమీ రాసుకోనట్టే. ఏ చెట్టు, ఏ భాగం, లేతదా ముదురుదా, ఎంతసేపు అన్నవి రాయాలి.

ఎండాకాలం మొదట్లో చింతతోపు దగ్గర కూర్చుంటే ఇది చక్కగా తెలుస్తుంది. మన ఇళ్లలో చింతచిగురు పప్పు వండుకునే రోజుల్లోనే కొండముచ్చులూ ఆ చెట్ల మీద ఉంటాయి. చూడండి: ఎడమ చేత్తో కొమ్మను తన వైపు వంచుకుని, కుడి చేత్తో కాదు, నేరుగా నోటితోనే చిగురు కొసలు తుంచుతుంది. పక్కనున్న ముదురు రెమ్మను ముట్టదు. కొంచెం సేపటికి ఆ కొమ్మను వదిలేస్తే అది చప్పున పైకి లేస్తుంది, అప్పటికే చేయి ఇంకో కొమ్మ మీద ఉంటుంది. కాసేపటికి చెట్టు కింద నేలంతా సగం కొరికిన రెమ్మలు. అడవి లోపలైతే ఆ రెమ్మల కోసం దుప్పులు వచ్చి చేరతాయి. పై నుంచి చూసే కళ్లు కొండముచ్చువి, గాలిలో వాసన పసిగట్టే ముక్కు దుప్పిది. ప్రమాదం వస్తే ఏది ముందు పసిగట్టినా రెండూ బయటపడతాయి. కొండముచ్చుల కింద దుప్పులు కనిపిస్తే ఎన్ని ఉన్నాయో, ఏం ఏరుకుంటున్నాయో అదీ రాసుకోండి.

ఆకు తినడం చెప్పినంత తేలిక కాదు. ఆకులో పీచు ఎక్కువ, సత్తువ తక్కువ. మన కడుపు దాన్ని అరిగించలేదు. కొండముచ్చు కడుపు అరలు అరలుగా ఉంటుంది. పై అరలో ఉండే సూక్ష్మజీవులు ఆకును పులియబెట్టి పీచును విడగొడతాయి. ఆవు, మేక నెమరు వేయడానికి ముందు కడుపులో జరిగేది కూడా ఇలాంటి పనే, కాకపోతే కొండముచ్చు నెమరు వేయదు. అందుకే లేత ఆకు దొరకని రోజుల్లో ముదురాకు తినైనా బతకగలదు. ఆకుల్లోని తేమతోనే దాని నీటి అవసరం చాలావరకు తీరుతుంది. నడివేసవిలో మాత్రం వాగు మడుగుల దగ్గరకు, చెరువు అంచుకు వస్తుంది, అప్పుడు ఎన్ని వచ్చాయో, ఎంతసేపు తాగాయో చూడండి.

ఆకుతోపాటు మొగ్గలు, పూలు, కాయలు, గింజలు కూడా తింటుంది. మర్రి, రావి, మేడి పండినప్పుడు గుంపంతా ఆ చెట్టు వదలదు. నేరేడు, రేగు, వెలగ, తునికి కాయల కాలాలను పుస్తకంలో ఒక పేజీలో ముందే రాసి పెట్టుకోండి. ఏ నెలలో ఏ చెట్టు దగ్గర కూర్చోవాలో ఆ పేజీయే చెబుతుంది. చెట్టు పేరు తెలియకపోతే రాలిన రెమ్మను తెచ్చుకుని ఊళ్లో పెద్దవారికి చూపించండి. ఉదయగిరిలో అడవి కర్రతో గరిటెలు, చెంచాలు చెక్కేవారు తరతరాలుగా ఉన్నారు. చెట్ల పేర్లు వారికి తెలిసినంతగా మనకు తెలియవు.

రాసుకోవడానికి ఒక పద్ధతి ఉంది. గడియారం చూసి పది నిమిషాలకోసారి తల ఎత్తి, కనిపించే ప్రతి కొండముచ్చూ ఆ క్షణంలో ఏం చేస్తోందో ఒక్క అక్షరంతో రాయండి: తినడం 'త', కూర్చోవడం 'కూ', నడవడం 'న', పేలు చూడడం 'పే', ఆట 'ఆ'. మధ్యలో ఏ వింత జరిగినా అది వేరే పేజీలో. ఇలా రాయకపోతే పుస్తకంలో కొట్లాటలు, దూకుళ్లు మాత్రమే మిగులుతాయి, రోజులో ఎక్కువ భాగం ఏం జరిగిందో ఉండదు.

ఎండవేళ లేచి రాకండి

పది, పదకొండు దాటాక గుంపు నీడకు చేరి కూర్చుంటుంది. చాలామంది ఇక చూసేదేమీ లేదని ఇంటిదారి పట్టేది ఇప్పుడే. కడుపు నిండా ఉన్న ఆకు అరగాలంటే గంటల తరబడి కూర్చోవాలి, వాటికి అది పని కిందే లెక్క. మనకు మాత్రం వాటి కుటుంబం కనిపించేది ఈ వేళలోనే.

పేలు చూసుకోవడం గమనించండి. ఒకటి వెల్లకిలా పడుకుని చేయి పైకెత్తి ఇస్తుంది, మరొకటి చంక కింద వెంట్రుకలను రెండు చేతులతో విడదీసి, ముఖం దగ్గరగా పెట్టి వెతుకుతుంది. ఎవరు ఎవరికి చూస్తున్నారు, ఎవరు ఎవరి దగ్గరకు వచ్చి ఒళ్లు అప్పగిస్తున్నారు అని రాసుకుంటే స్నేహాలు తేలుతాయి. ఆడవి పుట్టిన గుంపులోనే జీవితమంతా ఉంటాయి కాబట్టి తల్లులు, కూతుళ్లు, పినతల్లులు, అక్కచెల్లెళ్లే గుంపుకు వెన్నెముక. గండ్లు ఎదుగుతూనే గుంపు వదిలి వెళ్లిపోతాయి. ఆడవాటిలో పెద్దరికం మనం అనుకున్నట్టు వయసును బట్టి ఉండదు. వయసులో ఉన్న ఆడది వచ్చి నిలబడితే ముసలిది నీడ వదిలి లేస్తుంది. ఏది లేచింది, ఏది కూర్చుంది అని చూస్తూ ఉంటే ఈ వరస మీకే తెలుస్తుంది.

పసిపిల్ల ఉన్న గుంపు దొరికితే మీ అదృష్టం. కోతి తల్లి తన పిల్లను ఇతరులకు అంత తేలికగా ఇవ్వదు. కొండముచ్చు తల్లి పుట్టిన మొదటి రోజుల్లోనే ఇస్తుంది. పక్కనే ఉన్న ఆడది చేయి చాపి పిల్లను తీసుకుని గుండెకు అదుముకుంటుంది. కొంతసేపటికి మరొకటి వచ్చి దాని దగ్గర నుంచి తీసుకుంటుంది. ఇంకా పిల్లలు పుట్టని పడుచు ఆడవి దీనికి మరీ ఆత్రపడతాయి, ఎత్తుకోవడం రాక తలకిందులుగా పట్టుకోవడమూ చూస్తారు. పిల్ల కీచుమంటే తల్లి వచ్చి తీసుకుంటుంది. పిల్ల చేతులు మారుతున్నంతసేపూ తల్లి తింటూ ఉంటుంది. పాలిచ్చే తల్లికి ఆ ఆకు తినే తీరిక ఎంత అవసరమో ఆలోచించండి. పిల్ల ఎవరి దగ్గర ఎన్ని నిమిషాలుందో రాసుకోండి, మీ పుస్తకంలో అన్నిటికన్నా విలువైన పేజీ అదే అవుతుంది.

అరుపులు గుర్తుపట్టండి

తెల్లవారుజామున కొండ మీద నుంచి "హూప్, హూప్" అని గుండ్రంగా, దూరం దాకా మోగేది గండు పిలుపు. మేమిక్కడ ఉన్నామని పక్క గుంపులకు చెప్పడం అది. చీకట్లో గుంపు ఏ దిక్కున పడుకుందో తెలుసుకోవడానికి మీకు ఇదే ఆధారం. దీనికి పూర్తిగా వేరుగా, గొంతులో ఏదో అడ్డం పడి దగ్గినట్టు, గరగరగా, పదేపదే వినిపించేది హెచ్చరిక. చిరుత కనిపించినప్పుడు ఇలా అరుస్తాయి. ఆ అరుపు వినగానే అన్నీ ఒకే వైపు చూస్తున్నాయా అని చూడండి. చూస్తుంటే మీరు అటు వెళ్లకండి, గుంపుగా, మాట్లాడుకుంటూ వచ్చిన దారినే తిరిగి రండి.

గండు మారినప్పుడు

ఎప్పుడో ఒకసారి మీ గుంపులో గొడవ మొదలవుతుంది. బయటి గండ్ల మంద చుట్టూ తిరుగుతుంది, రోజుల తరబడి తరుములాటలు, గాయాలు. చివరకు పాత గండు వెళ్లిపోయి కొత్తది చేరుతుంది. ఆ తర్వాత పాలు తాగే పిల్లలను కొత్త గండు చంపడం కూడా జరగవచ్చు. 1960లలో కర్ణాటకలోని ధార్వాడ్ దగ్గర జపాన్ శాస్త్రవేత్త యుకిమారు సుగియామా దీన్ని మొదట వివరంగా నమోదు చేశారు. ఆ తర్వాత రాజస్థాన్‌లోని మౌంట్ ఆబూలో సారా హర్డీ చేసిన పరిశీలన దీనికి ఒక కారణం చూపింది: పాలు తాగే పిల్ల పోతే తల్లి త్వరగా మళ్లీ ఎదకు వస్తుంది, అప్పుడు కొత్త గండుకు సొంత పిల్లలు పుట్టే వీలుంటుంది. ఆడది తల వణికిస్తూ గండు ముందు నిలబడితే ఎదకు వచ్చిందని గుర్తు. గర్భం సుమారు ఆరున్నర నెలలు.

ఇది చూడడం కష్టం. తల్లి చచ్చిన పిల్లను రోజుల తరబడి మోసుకు తిరగడం ఇంకా కష్టం. అయినా రాళ్లు విసిరి గండును తరమడం, పిల్లను లాక్కోవడం చేయకండి. మీరు లాక్కున్న పిల్ల బతకదు. తేదీ, గండు గుర్తులు (చెవి చీలిక, తోక వంకర, మచ్చ), పిల్లల సంఖ్య రాసుకోండి. ఏడాది తర్వాత పుట్టిన పిల్లలను లెక్కపెట్టినప్పుడు ఈ వివరాలు అవసరమవుతాయి.

పెట్టవద్దు, తెచ్చి కట్టేయవద్దు

హనుమంతుడి మీద భక్తితో కొండముచ్చుకు అరటిపండో, బిస్కెట్లో పెట్టేవారిని నేను తప్పుపట్టను, ఆ ప్రేమ నిజమైనదే. కానీ ఆకు పులియడానికి ఏర్పడిన కడుపులో తీపి, పిండి ఎక్కువగా పడితే ఆమ్లం పెరిగి జబ్బు చేస్తుంది. అంతకన్నా పెద్ద హాని దారిలో జరుగుతుంది. ఘాట్ రోడ్డు పక్కన తిండి దొరుకుతుందని తెలిసిన గుంపు రోడ్డు వదలదు, పిల్లలు బండ్ల కింద పడతాయి. నిజంగా ఏదైనా చేయాలనిపిస్తే మీ ఊరి గుడి తోటలో, చెరువు గట్టున మర్రి, రావి, మేడి, నేరేడు మొక్కలు నాటి నిలబెట్టండి.

కోతుల బెడద తట్టుకోలేక కొన్ని ఊళ్లలో కొండముచ్చును తెచ్చి తాడుతో కట్టి తిప్పుతున్నారు. రైతు బాధ నాకు తెలుసు. నిమ్మతోటలు, మామిడితోటలు, కంది చేలు కోతుల పాలై ఏడ్చిన కుటుంబాలున్నాయి. అయితే ఈ జంతువును పట్టడం, కట్టేయడం, కొనడం వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం నేరం. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం కుచ్చు కొండముచ్చును ముప్పుకు దగ్గరలో ఉన్న జాతుల జాబితాలో చేర్చింది. పైగా తాడున్న కొండముచ్చు ఒంటరిది, గుంపు లేనిది. అది ఆ తాడు పొడవు మేర తప్ప చేను కాయలేదు. కోతులు కొద్ది రోజుల్లో ఆ సంగతి కనిపెట్టి పక్క గట్టు నుంచి దిగుతాయి. చేను అంచున కాపలా మనిషి, ఊరి చెత్తను కోతులకు అందకుండా మూతలో ఉంచడం, గుడి దగ్గర తిండి పెట్టడం ఆపించడం, ఇవి నెమ్మదిగా పనిచేసినా నిలుస్తాయి.

గాయం, మరణం, కాటు

గాయపడిన కొండముచ్చు, చెట్టు మీద నుంచి పడిన పిల్ల కనిపిస్తే ముందు దూరం జరగండి. పిల్ల అరుస్తుంటే తల్లో, గుంపులో మరో ఆడదో దిగివచ్చి తీసుకెళ్లే అవకాశం ఎక్కువ, మీరు చుట్టూ మూగితే అవి రావు. కుక్కలను మాత్రం దగ్గరకు రానివ్వకండి. చాలాసేపు ఎవరూ రాకపోతే, లేదా కరెంటు తీగ తగిలి పడినదైతే, అటవీ శాఖ బీట్ ఆఫీసరుకు గానీ రేంజ్ కార్యాలయానికి గానీ ఫోను చేసి చోటు గుర్తులతో చెప్పండి. ఈ రెండు నంబర్లూ మొదటి రోజే నోటు పుస్తకం అట్ట మీద రాసుకుని ఉండాలి.

అడవిలో చచ్చి పడిన కోతినిగానీ కొండముచ్చునుగానీ చేత్తో ముట్టకండి, దాని పక్కన కూర్చోకండి. 1957లో కర్ణాటకలోని షిమోగా జిల్లా క్యాసనూర్ అడవిలో కోతులు, కొండముచ్చులు వరుసగా చనిపోయాక మనుషులకూ జ్వరం సోకింది. పిడుదుల ద్వారా అది పాకుతుందని తర్వాత తేలింది. ఒకటికన్నా ఎక్కువ కళేబరాలు కనిపిస్తే ఆ రోజే అటవీ సిబ్బందికి, పశువైద్యుడికి తెలియజేయండి.

కరిచినా, గోరు గీరుకున్నా పసుపు అద్ది ఊరుకోవద్దు. పారే నీటి కింద సబ్బుతో పావుగంట కడిగి, ఆ రోజే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి రేబిస్ టీకా గురించి అడగండి. ఏ జంతువు, ఎక్కడ, ఎలా కరిచిందో డాక్టరుకు స్పష్టంగా చెప్పండి.